బిగింపు బాబాయి బిగించిన వయొలిన్

బిగింపు బాబాయి వదులుగా ఉన్నదేదీ చూడలేడు. అది ఆయన గుణమో జబ్బో వీధిలో ఇప్పటికీ తేలలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళు వేసిన కుర్చీని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. కదిలిందా, మంచినీళ్ళూ మాటామంతీ అన్నీ తర్వాతే. కుర్చీని తిరగేసి, నేలమీద చతికిలబడి, దాని కాలి సంగతి తేల్చాకే దానిమీద కూర్చుంటాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర తన వంతొచ్చి లోపలికి పిలిస్తే, "ఒక్క క్షణం డాక్టరుగారూ, మీ తలుపు గడియ ఊగుతోంది" అని, వాచిన బుగ్గని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో గడియ బిగించాడట. పన్ను పోయింది గానీ ఆ గడియ ఈనాటికీ కదల్లేదు.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఆయనకూ ఉంది. దానితో ఎవరికీ పనిపడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన బిగింపు బాబాయే, ఆయన భార్య పిన్నే. ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపులూ కిటికీలూ చేసేవాడు. "అతుకు వదులైతే వడ్రంగి అబద్ధమాడినట్టే" అనేది ఆయన మాట. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కాబట్టి ఆయన చేసిన కిటికీలు తెరవాలంటే ఇంట్లో కాస్త బలమున్నవాళ్ళు ఒకరుండాలి. అయినా పని ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు. తిట్టుకుంటూ ఇచ్చారు, అది వేరే సంగతి.

అలాంటి మనిషితో కాపురమంటే మాటలు కాదు. పిన్ని చేసింది, నవ్వుతూ చేసింది. ఆవిడ బట్టలు కుట్టే వర్క్‌షాపులో పనిచేసేది. పొడవాటి గది, వరసగా మిషన్లు, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకటే మోత. పక్క మిషను దగ్గరున్నావిడ ఏమంటోందో పెదాలు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ వర్క్‌షాపు పైన, మేడమీద, ఒక సంగీతం బడి. ఆ బడి ఉందన్న సంగతి మిషన్లు నడుస్తున్నంతసేపూ ఎవరికీ తెలిసేది కాదు. భోజనాల గంట కొట్టి మిషన్లన్నీ ఆగాయా, మెట్లమీదుగా వయొలిన్ కిందికి దిగొచ్చేది. తక్కినవాళ్ళు టిఫిన్ డబ్బాలు తెరిచి కబుర్లలో పడేవాళ్ళు. పిన్ని మాత్రం డబ్బా పట్టుకుని మెట్ల దగ్గరికి పోయి కూర్చునేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ తనకోసం దాచుకున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే.

పని మానేసిన కొన్నాళ్ళకి ఒకరోజు ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నేను వయొలిన్ నేర్చుకుందామనుకుంటున్నా."

చిత్రిక పడుతున్న బాబాయి చెయ్యి ఆగింది. "ఏంటీ?"

"వయొలినండీ. మేడమీద బడిలో పెద్దవాళ్ళకని సాయంత్రం క్లాసు పెడుతున్నారు. పేరిచ్చేశాను. వచ్చే నెల మొదలు. వయొలిన్ మాత్రం మనమే కొనుక్కోవాలట."

"ఈ వయసులోనా?"

"ఏం, అది వాయించేవాళ్ళ వయసు అడుగుతుందా?"

"అది కాదే, వేళ్ళు వంగొద్దూ?"

"మీకు నడుం వంగట్లేదని ఉలి పక్కన పడేశారా?"

బాబాయి చిత్రిక పక్కన పెట్టేశాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఇల్లడిగింది, వాకిలడిగింది, కానీ "నాకు" అని ఏదీ అడగలేదు. ఆ మాట ఆయనకి అప్పుడే తట్టింది. "సరే, చెప్పులేసుకో" అన్నాడు.

వాయిద్యాల షాపు నడిపేది ఒకావిడ. అమ్మడం, బాగుచెయ్యడం రెండూ ఆవిడే. కళ్ళజోడు దారానికి వేలాడుతుంటే, ఒంటిమీద ఏప్రనుకి చెక్క పొట్టు అంటుకుని ఉంది. ఆ పొట్టు చూసి బాబాయికి ప్రాణం లేచొచ్చింది, మన మనిషే అనుకున్నాడు. ఆవిడ పిన్ని ఎడమ చెయ్యి చాపించి, వయొలిన్ భుజంమీద ఆనించి, దాని తల చివర పిన్ని అరచేతిలోకి వస్తుందో లేదో చూసింది.

"పెద్ద సైజే సరిపోతుందమ్మా. కొంతమంది చిన్నపిల్లలకి కూడా ఇదే కావాలంటారు, చొక్కా కొన్నట్టు. ఎదుగుతారు కదా, ఇప్పుడే పెద్దది కొంటే పోలా అని."

"మంచి ఆలోచనే కదా" అన్నాడు బాబాయి. పిన్ని ఆయన కాలు తొక్కింది.

ఆవిడ మూడు వయొలిన్లు తీసి పెట్టింది. బాబాయి ఒక్కొక్కటీ ఎత్తి, ఒక కన్ను మూసి, మెడ వంకర పోయిందేమో చూశాడు. అంచులమీద గోరు పెట్టి అతుకు వదిలిందేమో లాగాడు. వేలితో తట్టి చెవి పెట్టాడు. అన్నీ చూసి ఎర్రగా నిగనిగలాడేదాన్ని పక్కన పెట్టి, "ఇదే" అన్నాడు.

"మెరుపు వార్నిష్‌ది బాబాయిగారూ. పలికేది చెక్క" అని షాపావిడ పిన్నిని గోడవైపు తిరగమంది. ఏది ఏదో తెలియకుండా ఒక్కొక్కటే వాయించసాగింది. మొదటిది విని పిన్ని ఊరుకుంది. రెండోది మొదలెట్టగానే చెయ్యెత్తేసింది.

"అదీ! అదే నాకు వినపడేది, మిషన్లు ఆగాక!"

తిరిగి చూస్తే అది మూడింటిలోకీ నల్లగా, మొద్దుగా, ఏ అందమూ లేకుండా ఉన్నది. బాబాయి నిట్టూర్చాడు గానీ పిన్ని మొహం చూసి ఎర్రదాన్ని వెనక్కి తోసేశాడు.

"దీనికున్న బ్రిడ్జి నాది, వినిపించడానికి పెట్టాను" అంది షాపావిడ, తీగల్ని పైకి ఎత్తిపట్టే చిన్న చెక్కముక్కని చూపిస్తూ. "దీనికని కొత్తది కోసి కూర్చాలి. మెడ దగ్గర తీగలు చుట్టే బిరడాలు జారుతున్నాయి, అవీ చూడాలి. నాలుగు రోజులు ఉంచి వెళ్ళండి."

"ఈ వేలెడు ముక్కకి నాలుగు రోజులా!" అని బాబాయి నవ్వాడు. "అమ్మాయ్, నేను బుద్ధెరిగినప్పటినుంచీ చెక్కతోనే బతుకుతున్నా. ఆ ముక్క ఇటివ్వు."

"బాబాయిగారూ, ఇది తలుపు కాదండీ."

"తలుపులు చేసేవాడికి ఇదో లెక్కా?"

ఆవిడ తన బ్రిడ్జి తీసేసుకుని, ఇంకా కోయని కొత్త ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. పిన్నికి వాయించే కమాను ఇచ్చి, ఎలా పట్టుకోవాలో, ఎలా లాగాలో చూపించింది. ఆఖర్న, "ఒక్క మాట బాబాయిగారూ..." అనబోయింది. ఎవరో ఇద్దరు లోపలికి వచ్చారు, బాబాయి అప్పటికే బయట మెట్టు దిగేశాడు. ఆ ఒక్క మాటా విని ఉంటే ఈ కథే లేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి ఎవరు చెప్పగలరు చెప్పండి!

ఇంటికొచ్చి బాబాయి వయొలిన్‌ని బల్లమీద పడుకోబెట్టాడు. శుభ్రంగా చూద్దామని తీగలన్నీ ఊడదీశాడు. ఎత్తి అటూ ఇటూ ఊపాడు. లోపల ఏదో 'టక్' మని పడి దొర్లింది. పైపలకలో ఉన్న సన్నని కంతలోంచి తొంగి చూస్తే, చిటికెన వేలంత పుల్ల ఒకటి కడుపులో పడి ఉంది.

"చూశావా! చూశావా!" అని కేకేశాడు. పిన్ని పరుగున వచ్చింది. "లోపల ఊతం పెట్టాడు, జిగురు పెట్టడం మరిచాడు! వీళ్ళా వయొలిన్లు చేసేవాళ్ళు? ఇలాంటి పని నేను చేసుంటే ఊరు నన్ను బతకనిచ్చేదా?"

"అందుకే మీకిచ్చారు" అంది పిన్ని, ఎంతో నమ్మకంగా. పాపం!

బాబాయి పని మొదలెడితే చూడాల్సిందే. బిరడాలకి సుద్ద రాసి, తిప్పి, మళ్ళీ రాసి, జారకుండా, బిగుసుకుపోకుండా చేశాడు. అది నిజంగా మంచి పని, నేనెవరితోనైనా చెప్తాను. బ్రిడ్జి పాదాలు రెంటినీ పైపలక ఉబ్బుకి సరిపోయేలా గరుకు కాగితంతో అరగదీశాడు, వెంట్రుక దూరనంత చక్కగా కూర్చుంది. అక్కడితో ఆగాడా? బాబాయి ఆగుతాడా? పాదాల కింద జిగురు పెట్టి అంటించాడు. పల్చగా కోస్తే విరుగుతుందని ముక్కని ఉన్నంత మందంగా, ఉన్నంత ఎత్తుగా ఉంచేశాడు. లోపలి పుల్లకి రెండు కొసలా జిగురు రాసి, వంచిన తీగతో కంతలోంచి దూర్చి, బ్రిడ్జికి కింద నట్టనడుమ నిలబెట్టాడు. దూలం కింద ఊతం నడిమధ్యనే కదా పెడతారు! ఆరాక తీగలు మళ్ళీ ఎక్కించి ఊపి చూశాడు. చప్పుడు లేదు. "ఇక భూకంపమొచ్చినా కదలదు" అని పిన్ని చేతిలో పెట్టాడు.

పిన్ని తలుపేసుకుని కమాను లాగింది.

గొంతుకి గుడ్డ కట్టినట్టుంది ఆ చప్పుడు. పొడిగా, చచ్చు చచ్చుగా బర్రుమని ఆగిపోతోంది. కొత్త కదా అనుకుంది. మర్నాడూ అంతే. తీగలు ఎంతెత్తున ఉన్నాయంటే, నొక్కితే వేలి కొసలు కోసుకుపోతున్నాయి. రోజూ ఇంటిపని కాగానే కూర్చుని లాగేది, చెవి ఒగ్గి వినేది, మళ్ళీ లాగేది. బాబాయి షెడ్డులోంచి, "ఆఁ, వస్తోంది వస్తోంది!" అని ధైర్యం చెప్పేవాడు. ఏం వస్తోందో ఆయనకీ తెలియదు. వయొలిన్ నేర్చుకునేవాళ్ళని ఎప్పుడూ దగ్గరనుంచి విన్నవాడు కాదు, మొదట్లో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

ఒకరోజు ఆ చప్పుడు వినపడలేదు. బాబాయి లోపలికి వెళ్ళి చూస్తే, వయొలిన్ పెట్టెలో పెట్టేసి, పిన్ని ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

"ఇవాళ లేదా?"

"శుక్రవారం వెళ్ళి నా పేరు తీయించేసుకుంటానండీ. ఆ చోటు కోసం ఇంకెవరో ఎదురు చూస్తున్నారట, వాళ్ళకైనా పనికొస్తుంది."

"అదేంటే! ఇంకా మొదలే కాలేదు."

"షాపులో ఆవిడ చేతిలో ఎలా పలికిందో విన్నారు కదా. అదే వయొలిన్, అదే కమాను. నా చేతికొచ్చేసరికి ఇలా అయింది. మరి లోపం ఎవరిది?" ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, దానికే ఆయనకి భయమేసింది. "అన్నేళ్ళ మోతకి నా చెవులు మొద్దుబారిపోయి ఉంటాయి. ఇప్పుడనిపిస్తోంది, ఆ మెట్ల దగ్గర కూర్చుని నేను నిజంగా విన్నానో, విన్నాననుకున్నానో."

బాబాయి పెట్టె వైపు చూశాడు. వేళ్ళు తిరక్కపోతే పోయింది, నేర్చుకోకపోతే పోయింది, ఆ మెట్ల దగ్గరి మధ్యాహ్నాలు కూడా అబద్ధమైపోతే ఇక ఆవిడకి మిగిలేదేముంది? వెళ్ళి షెడ్డులో కూర్చున్నాడు. ఆ రోజు చిత్రిక పట్టిన పలక ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని కునుకు తీస్తుంటే, పెట్టె చంకన పెట్టుకుని షాపుకి నడిచాడు. మంచి తీగలు వేయించి, ఆ అమ్మాయి చేత పిన్నికి నాలుగు ధైర్యం మాటలు చెప్పిద్దామని ఆయన ఆలోచన.

షాపావిడ పెట్టె తెరిచింది. బ్రిడ్జిని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా కదిపింది. కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

"బాబాయిగారూ... దీన్ని అంటించారా?"

"అంటించకపోతే ఎలా నిలబడుతుందమ్మా?"

"దానంతటదే నిలబడుతుందండీ. తీగలు పైనుంచి నొక్కిపట్టి ఉంచుతాయి." బుల్లి అద్దం ఒకటి కంతలోకి దించి చూసి, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈ పుల్ల కూడానా! అదీ నట్టనడుమ!"

"దూలం కింద ఊతం..." అని మొదలెట్టాడు బాబాయి. ఆవిడ నవ్వాపుకోలేక బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"అది ఊతం కాదండీ. తీగ వణికితే బ్రిడ్జి వణుకుతుంది. బ్రిడ్జి వణికితే పైపలక. ఆ వణుకుని కిందిపలకకి మోసుకెళ్ళేది ఈ పుల్ల. అందుకే దాన్ని బ్రిడ్జి ఒక పాదానికి కాస్త వెనకగా, జిగురు లేకుండా, రెండు పలకల మధ్య ఊరికే నిలబెడతాం. తీగలన్నీ ఊడదీస్తే పడిపోతుంది, ఆ మాటే ఆరోజు మీకు చెప్పబోయాను. అన్నీ కలిసి వణికితేనే పలుకుతుంది. మీరు వణకాల్సినవన్నీ వెతికి వెతికి బిగించేశారు."

బాబాయి అక్కడున్న స్టూలుమీద కూలబడ్డాడు. స్టూలు ఊగింది. ఆయన గమనించలేదు.

"మీ పిన్ని తన చెవులు పోయాయనుకుంటోందమ్మా" అన్నాడు. "ఇవాళ సాయంత్రం వెళ్ళి పేరు తీయించేసుకుంటానంది. నా చేతులతో నేనే దాని నోరు నొక్కేశాను."

షాపావిడ నవ్వు పోయింది. "ఊడదియ్యాలి. కానీ ముందే చెప్తున్నా, లాగేటప్పుడు పైపలక చీలొచ్చు. చీలితే ఈ పలుకు మళ్ళీ రాదు. ఇంకో వయొలిన్ కొనుక్కోవచ్చు గానీ..."

"వద్దు. మీ పిన్ని ఏరుకున్నది దీన్నే."

"అయితే రండి. మీ జిగురు గుణం మీకే తెలుసు. నేను పక్కనే ఉంటాను."

గోరువెచ్చటి నీళ్ళు, కుంచె, కాగితమంత పల్చటి కత్తి. బ్రిడ్జి పాదాల చుట్టూ నీళ్ళు తాకించడం, ఆగడం, కత్తి మొన ఒక ఇసుక రేణువంత లోపలికి పోనివ్వడం, మళ్ళీ ఆగడం. ఎక్కడా సందు దొరకలేదు. అంత గట్టి పని చేశాడు మహానుభావుడు! జీవితంలో మొదటిసారి బాబాయికి తన పనితనం మీద ఒళ్ళు మండింది. చెమట వయొలిన్ మీద పడకుండా షాపావిడ ఆయన నుదురు తుడుస్తోంది. 'టప్' మని చప్పుడైంది. చీలిందేమోనని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"వచ్చింది బాబాయిగారూ. కాస్త వార్నిష్ లేచిందంతే."

పుల్లని కూడా అలాగే తడిపి, వంకీ కడ్డీతో తట్టి తట్టి రాబట్టారు. ఆ తర్వాత ఆవిడ పని మొదలైంది. పుల్లని దాని చోట నిలబెట్టింది. బ్రిడ్జిని చెక్కి సగానికి సగం పల్చన చేసింది, ఎత్తు తగ్గించింది. తీగలు ఒక్కొక్కటే బిగిస్తూ, బ్రిడ్జిని వేళ్ళతో నిటారుగా నిలుపుతూ పోయింది. బాబాయి చూస్తూ నిలబడ్డాడు. బయట నీడలు పొడుగయ్యాయి. పిన్ని ఈపాటికి బయల్దేరి ఉంటుంది.

సంగీతం బడి మేడమెట్లు ఎక్కేసరికి ఆయన రొప్పుతున్నాడు. వరండాలో ఒక బల్ల వెనక పేర్లు రాసుకునే ఆవిడ, ఆవిడ ముందు నలుగురైదుగురు. అందరికన్నా ముందు పిన్ని, ఏదో చెప్పడానికి అప్పుడే వంగుతోంది.

"ఆగవే!" అని అరిచాడు బాబాయి. వరండా అంతా వెనక్కి తిరిగింది.

"ఏవండీ! దాన్ని పట్టుకుని ఎక్కడికెళ్ళారు?"

"నీ చెవులకేం కాలేదే. తప్పు నాది. జిగురు పెట్టాను."

"దేనికి?"

"అన్నిటికీ."

ఎవరో కిసుక్కుమన్నారు. పిన్ని నవ్వలేదు. ఆయన ఊపిరి తీసుకుంటూ, ఆగి ఆగి, పుల్ల సంగతీ, బ్రిడ్జి సంగతీ, వణుకు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ మొహం ఎర్రబడింది.

"మీ బిగింపు తగలెయ్య! పొద్దున లేవగానే గడియారం చప్పుడు వినపడుతోందో లేదోనని చూసుకుంటున్నానండీ నేను! కుళాయి కట్టేసి, బొట్టు పడుతుంటే వినపడుతుందా అని చూసుకుంటున్నా!"

"తప్పయిపోయిందే" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళు నిండాయి. అంతమందిలో అని కూడా చూసుకోలేదు.

పిన్ని కళ్ళు తుడుచుకుని పెట్టె లాక్కుంది. అక్కడే నిలబడి వయొలిన్ భుజానికి ఆనించి, కమాను తీగమీద పెట్టి, ఊరికే ఒక్కసారి లాగింది. వరండా ఈ చివరనుంచి ఆ చివరదాకా నిండుగా మోగింది. కమాను ఆపాక కూడా ఆ నాదం కాస్తసేపు నిలిచే ఉంది. అన్నేళ్ళూ మెట్ల దగ్గర తను విన్నది నిజమేనని ఆవిడకి ఆ క్షణం తెలిసింది, ఆ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"మీ పేరు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అంది బల్ల వెనకావిడ.

పిన్ని వేలు ఒకటి తీగమీద నొక్కి మళ్ళీ లాగింది. పిల్లిని తొక్కినట్టు కీచుమంది. వరసలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. బాబాయి కంగారుగా ముందుకొచ్చి, "ఏదో వదులైనట్టుంది, ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యండి!" అంది పిన్ని. తడికళ్ళతోనే మొహమంతా విచ్చుకుంది. "ఏదీ వదులవలేదు. ఇది నా తప్పు, అచ్చంగా నాదే. నేర్చుకుంటే పోతుంది. పేరు ఉంచండమ్మా."

అని, అదే తప్పు మళ్ళీ వాయించింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.